పసుపు అంటని మూల

ఆ ఏడు వేరుశెనగ పెరికే కాలంలో మా ఇంటి అరుగు మీద నుంచి ఒక ఉత్తరం మాయమైంది. ఎవరు తీశారో కనిపెట్టాలని మా కూతురు తిమ్మక్క తిరగని చోటు లేదు. పన్నెండేళ్ల పిల్ల, నోటుబుక్కు సంకలో పెట్టుకుని, పెన్సిలు చెవి మీద దోపుకుని ఊరంతా గాలించింది. దాని పుస్తకంలో ఆ దొంగకు పొడుగు కాళ్లున్నాయి, పిల్లి కళ్లున్నాయి, చైనావాళ్లతో పొత్తు కూడా ఉంది.

ఆ దొంగను నేనే.

అది చైనా యుద్ధం వచ్చిన సంవత్సరం. మా ఊరు కంబదూరుకు నాలుగు మైళ్లు. వానలను నమ్ముకుంటే పొయ్యి వెలగదని మా ఆయన పట్టాళంలో చేరి లారీ తోలేవాడు. ఇంట్లో నేనూ, తిమ్మక్కా, ఒక మేక.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదవగలను, నిదానంగా రాయగలను. భయపడటం మాత్రం ఏ బడీ నేర్పకుండానే వచ్చింది. ఆయన సంతకు పోయి పొద్దు వాలేసరికి రాకపోతే ఎద్దు పొడిచిందనుకునేదాన్ని. పిల్ల రెండుసార్లు తుమ్మితే విషజ్వరమనుకునేదాన్ని. ఆయన ఇంటికొచ్చి నా మొహం చూసి, "ఈ పొద్దు నన్ను ఎట్ల సంపినావే?" అని నవ్వేవాడు.

జ్యేష్ఠమాసంలో సెలవు ముగించుకుని పోయేరోజు, గుడ్డపేలికలో పసుపు మూటగట్టి ఆయన పెట్టెలో పెట్టాను.

"ఇదెందుకే?" అన్నాడు.

"జాబు రాసినప్పుడల్లా మూలన ఇంత అంటించు. టపా చేతికొస్తే నాకు గుండె ఆగినంత పనయితాది. మూలన పసుపు కనపడితే నింపాదిగా చదువుకుంటా."

"పట్టాళంలో చూస్తే నవ్వుతారు. పెండ్లి పిలుపులు రాస్తాండావా పుల్లన్నా అంటారు."

"నవ్వనీ."

మా పక్క అంతే. శుభం రాసిన కార్డుకు మూలల్లో పసుపు పెడతారు. చావు కబురైతే ఒక మూలన నల్లసిరా పూసి పంపుతారు. ఆ కార్డు గడప దాటి లోపలికి రాకూడదు. బయటే నిలబడి చదివి, అక్కడే చించి పారేసి, తలకు పోసుకున్నాకే ఇంట్లో అడుగు పెట్టాలి. అక్షరం ముక్క రానివాళ్లు కూడా మూల చూసి ఏడుపు మొదలుపెట్టేవాళ్లు.

ఆయన పోయాక అయిదు ఉత్తరాలు వచ్చాయి. అయిదింటికీ పసుపు ఉంది. అయిదో దాంట్లో, "ఇంకా ఉత్తరానికి పోతాండాము, చలి ఎక్కువ" అని రాశాడు. తర్వాత యుద్ధం మొదలైంది. ఉత్తరాలు ఆగిపోయాయి.

కార్తీకం చివర్లో ఒక మంగళవారం. మా ఊరికి మంగళ, శుక్రవారాల్లో టపా వచ్చేది. గోవిందప్ప సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చి, "సుబ్బమ్మా, మీ మిలిట్రీ ఆయన జాబు" అని వీధంతా వినిపించేటట్టు కేకేసి, నా చేతికిచ్చి, మంచినీళ్లు తాగి పోయేవాడు. ఆరోజు గంటా లేదు, కేకా లేదు. నేను పెరట్లో కాయలు ఆరబోసి ముందుకు వచ్చేసరికి, అరుగు మీద ఎప్పుడూ ఉండే గుండ్రాయి కింద నీలం కాగితం అంచు కనిపించింది. సందు మలుపులో గోవిందప్ప సైకిలు ఎక్కకుండా తోసుకుంటూ పోతున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

రాయి ఎత్తాను. పసుపు లేదు. కుడి మూలన రూపాయి బిళ్లంత నల్లసిరా. మీద రాసిన అడ్రసు ఆయన చేతి రాత కాదు.

నేను అరవలేదు. ఏడవలేదు. వీధిలో ఎవరూ లేరు, అందరూ చేన్లలో ఉన్నారు. చదివితే జరిగిపోయినట్టు, చదవకపోతే ఇంకా ఏమీ జరగనట్టు. అంతకు మించిన ఆలోచన నాకు రాలేదు. దాన్ని లోపలికి తీసుకుపోలేను. చించలేను. కొంగులో చుట్టి మా చేని దగ్గరి కపిలబావికి పోయాను. అది మూడేళ్లుగా చుక్క నీరు లేని బావి. తోలు బొక్కెన ఊడదీసి అటక మీద పడేశాం, గిలక తుప్పు పట్టింది. బావి గోడలో పైవరస రాళ్ల మధ్య చెయ్యి దూరేంత సందు ఉంది. ఉత్తరం అందులో పెట్టి, చిన్న రాయి అడ్డం పెట్టాను.

ఇంటికి వచ్చి తలకు పోసుకోలేదు. పోసుకుంటే ఒప్పుకున్నట్టే కదా. నేరుగా పోయి మళ్లీ కాయలు కలబెట్టాను.

మర్నాడో ఆ మర్నాడో, యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు.

యుద్ధం జరిగినన్నాళ్లూ మా ఊరి బడి ఊరికే లేదు. రామదాసు అయ్యవారు బడి మట్టిగోడ మీద సుద్దతో హిమాలయాలు గీసి, మన సైన్యం ఉన్నచోటల్లా తుమ్మముల్లు గుచ్చాడు. పంచాయితీ ఆఫీసులో పొద్దున వార్తలు విని వచ్చి ముళ్లు జరిపేవాడు. "ఈ పొద్దు మూడు ముండ్లు ఎనక్కి జరిగినాయి మా" అని తిమ్మక్క వచ్చి చెప్పేది. వాళ్ల నాయన ఏ ముల్లు దగ్గర ఉన్నాడో తెలియక, అన్ని ముళ్లనూ తనవిగానే చూసుకునేది. జవానులకని పిల్లలు ఇంటింటికీ తిరిగి చేటెడు చేటెడు కాయలు పోగుచేశారు. కొత్త మనిషి కనిపిస్తే చెప్పమన్నారని, దువ్వెనలమ్మే ముసలాయన్ను చుట్టుముట్టి పంచాయితీ ఆఫీసు దాకా నడిపించారు. ఆయన అక్కడ కూర్చుని పిల్లలకే ఆరు దువ్వెనలు అమ్మి పోయాడు.

అయ్యవారి దగ్గర ఒక రేకుపెట్టె నిండా డిటెక్టివు పుస్తకాలుండేవి. చాలావాటికి చివరి పేజీలు చెదలు తినేశాయి. హంతకుడెవరో పుస్తకం చెప్పదు కాబట్టి తిమ్మక్కే కనిపెట్టి, కాయలు తెంపేటప్పుడు నాకు చెప్పేది. "వంటాయనే మా. మొదట్నుంచీ మంచోని మాదిరి మాట్లాడతాండాడు" అనేది.

శుక్రవారం గోవిందప్ప వస్తుంటే తిమ్మక్క పోయి సైకిలుకు అడ్డం నిలబడింది. నేను గడపలో చీపురు పట్టుకుని ఉన్నాను.

"మామా, మా నాయన జాబు రాలేదా?"

"మొన్న మంగళవారమే పెట్టిపోతి గదమ్మా. అరుగు మీద రాయి కింద."

"చేతికెందుకియ్యల్యా?"

"మీ అమ్మ కనపళ్లేదు."

"గంట కొట్టల్సింది."

"గంట చెడిపోయింది లేమ్మా."

తిమ్మక్క చెయ్యి చాచి గంట నొక్కింది. అది ఖణేలుమని మోగింది.

గోవిందప్ప నా వైపు చూశాడు. నా నుదుట బొట్టు అట్లే ఉంది, చేతుల గాజులు అట్లే ఉన్నాయి. ఆయనకేమీ అర్థం కాలేదు. కళ్లు దించుకుని, సైకిలు పక్కకు తిప్పుకుని పోయాడు.

"నువ్వు చూసినావా మా?"

"లేదు పాపా. నేను పెరట్లో ఉంటి."

అబద్ధం చెప్పడం అంత సులువని నాకప్పటిదాకా తెలియదు. తిమ్మక్క అరుగు దగ్గరికి పోయి, రాయి ఎత్తి, కింద వేలితో తడిమి, చెవి మీది పెన్సిలు తీసింది.

దాని నోటుబుక్కును నేను దొంగతనంగా చదవడం ఆ వారంలోనే మొదలుపెట్టాను. అది బడికి పోగానే గూట్లోంచి తీసి, గింజలు ఏరినట్టు ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ చదివేదాన్ని. మాట్లాడేటప్పుడు మన మాదిరే మాట్లాడే పిల్ల, రాసేటప్పుడు రేకుపెట్టె పుస్తకాల భాషలో రాసేది.

"అది యుద్ధకాలము. శత్రువు హిమాలయములపై నున్నాడు. దేశమంతయు మేల్కొనియున్నది. అట్టి సమయమున ఒక గ్రామమున, ఒక జవాను వ్రాసిన ఉత్తరము మాయమైనది. దానిలో రహస్యములుండవచ్చును. కుమారి శాంత మోకరిల్లి పాదముద్రలను పరిశీలించెను."

శాంత అంటే అదే. మొదటి అధ్యాయంలో అనుమానం గోవిందప్ప మీద. గంట మోగుతున్నా చెడిపోయిందన్నాడు కాబట్టి. రెండో అధ్యాయంలో దువ్వెనల ముసలాయన. మూడోదాంట్లో మా మేక. దాని కోసం తిమ్మక్క రెండు రోజులు మేక పెంటికలు పుల్లతో చిదిమి చూసింది. "నీలం కాగితపు ఆనవాలు లభించలేదు. మేక నిర్దోషి" అని రాసింది. నేను నోరు మూసుకుని నవ్వాను. నవ్వుతుండగానే, బావి గోడలో ఉన్నది గుర్తొచ్చింది.

నాలుగో అధ్యాయం తెరిచి చూస్తే మొదటి వాక్యమే ఇట్లా ఉంది: "ఈ పుస్తకమును మరియొకరు చదువుచున్నారు. మూడవ పుటపై ఎఱ్ఱమట్టి వేలిముద్ర కలదు."

చెట్టు పెరికి వచ్చిన చేతులు. తుడుద్దామని కొంగుతో రుద్దాను. మరక ఇంకా పెద్దదయింది.

సాయంత్రం అది వచ్చి నా వేళ్ల వైపు చూసింది, గోడ వైపు చూసింది. ఆ రోజుల్లో ఎర్రమట్టి వేళ్లు లేనివాళ్లు మా ఊళ్లో ఎవరున్నారు.

చౌడమ్మ సంగతి ఆ తర్వాతే జరిగింది. చౌడమ్మ మా చేన్లో పదేళ్లుగా కూలికి వస్తున్న మనిషి. నాకన్నా పదిహేనేళ్లు పెద్దది. మొగుడు లేడు. ఉన్న ఒక్క కూతుర్ని బెంగుళూరికిచ్చింది. పెరికిన చెట్లు మా పెరట్లో కుప్పవేస్తే, నేనూ ఆమే ఎదురెదురుగా కూర్చుని కాయలు తెంపేవాళ్లం. ఒకరోజు ఆమె విసురుగా వచ్చింది. చేతిలో ఉప్పు అంటిన నీలం కాగితం. వెనక తిమ్మక్క, దాని స్నేహితురాళ్లు ముగ్గురు.

"ఏమ్మా, నీ కూతురు నా గుడిసెలోకొచ్చి కుండలన్నీ దేవులాడింది. నేను దొంగదాన్నంట. చైనావోనికి జాబులు అమ్ముతాండానంట."

"అట్లనల్యా" అంది తిమ్మక్క. "నీలం కాగితం యాడిదని అడిగినా."

"నా అల్లుడు రాసిన జాబు ఇది. నాకు చదువొచ్చా? ఉప్పుకుండకు మూత పెట్టుకుంటి. ఇదో, చదువు సుబ్బమ్మా. ఈ పిల్లోల్లందరి ముందర చదువు."

కాగితం నా ముందుకు చాచింది. నేను చెయ్యి చాచలేదు. "నువ్వు తియ్యలేదని నాకు తెలుసు చౌడమ్మా" అనాల్సింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంటే తిమ్మక్క వెంటనే "నీకెట్ల తెలుసు?" అంటుంది. పెన్సిలు పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంది.

"పిల్లది, తెలీక చేసినాది. పోనీలే" అన్నాను.

చౌడమ్మ నన్ను కొంచెంసేపు చూసింది. "పోనీలేనా" అంది. కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. "రేపట్నించి నీ కాయలు నువ్వే తెంపుకో."

ఆమె రాలేదు. ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. "కూలోల్లను ఇంట్లోకి రానిస్తే అంతే" అన్నవాళ్లను కూడా నేను కాదనలేదు.

అప్పటి నుంచి కుప్ప ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. కాయ తెంపి చేటలో వేస్తే ఆ చప్పుడు నాకే వినిపించేది. పంట ఎటూ సగమే. వాన ముందే మొహం చాటేస్తే కాయ లోపల గింజ పట్టలేదు, వేలితో నొక్కితే బుస్సుమనేవి. తనకల్లు పక్కనుంచి పోయిన ఒక జవాను ఇంటికి వచ్చేశాడని ఎవరో చెప్పారు. గాజులాయన వచ్చి, "చెయ్యి సాపమ్మా" అంటే లోపలికి పోయాను. కొత్తవి వేయించుకుని మళ్లీ పగలగొట్టుకోవాలా అని. అద్దంలో బొట్టు పెట్టుకునేటప్పుడు చూపు పక్కకు తిప్పుకుని పెట్టుకునేదాన్ని, వంకరగా పడేది.

పొద్దు వాలే ముందు బావి దగ్గరికి పోయేదాన్ని. ఏమీ చేసేదాన్ని కాదు. రాయి జరిపి, సందులో చెయ్యి పెట్టి, కాగితం వేలికి తగలగానే చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఉందా అంటే ఉంది. దాని లోపల ఆయన చచ్చిపోయి ఉన్నాడు, బయట ఇంకా చావలేదు. బావిలోకి చూస్తే అడుగున పగుళ్లు వేసిన బురద. ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. ఎవరికి చెప్పినా వాళ్లు విప్పేవాళ్లు.

తిమ్మక్క కూడా ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. వాళ్ల నాయన గురించి అడగడం మానేసింది. అంతకు ముందు "నాయన ఎప్పుడొస్తాడు మా" అని అడిగినప్పుడల్లా విసుక్కునేదాన్ని. అడగకపోతే ఇంకా కష్టంగా ఉంది.

పుష్యమాసం వచ్చింది. ఒకరోజు చేని గట్టు మీద చౌడమ్మ మేకల వెంట పోతుంటే తిమ్మక్క ఎదురుపడింది. నేను దూరం నుంచి చూస్తున్నాను. చౌడమ్మ తిట్టడం లేదు. ఏదో ఒక మాట అని, గడ్డం ఎత్తి బావి వైపు చూపించి, మేకలను అదిలించుకుంటూ పోయింది. తిమ్మక్క అక్కడే చాలాసేపు నిలబడింది.

తర్వాత నాలుగు రోజులు నోటుబుక్కు గూట్లో కనిపించలేదు. రోజూ పోయి ఖాళీ గూడు తడిమి వచ్చేదాన్ని.

అయిదో రోజు శుక్రవారం. పిల్ల బడికి పోయాక అరుగు ఊడుద్దామని బయటికొచ్చాను. గుండ్రాయి కింద నోటుబుక్కు ఉంది. అట్ట మీద, కుడి మూలన, బొటనవేలంత పసుపు. తడి ఇంకా ఆరలేదు.

అరుగు మీదే కూర్చుని తెరిచాను. అప్పటిదాకా రాసిన అధ్యాయాలన్నీ దాటుకుని పోతే ఒకే పుట.

"చివరి అధ్యాయము. నీళ్లు లేని బావికి ఒక మనిషి బిందె లేకుండా ప్రతిదినము ఎందుకు పోవును? ఈ ప్రశ్న శాంతకు ముందే తోచవలసినది. తోచలేదు. ఎందుకనగా ఇంటిలోని వారిని ఎవరును అనుమానించరు. శాంత ఉత్తరమును చదివెను. చదివి యథాస్థానమున ఉంచెను. అది ఎవరిదో వారే చదువవలెను. శాంత తండ్రి బ్రతికియున్నాడు."

కింద ఇంకేమీ లేదు.

నేను సంతోషపడ్డానని చెబితే అబద్ధం. అది కథ. కథల్లో తండ్రులు బతికే ఉంటారు. నాకు ధైర్యం చెప్పడానికి పిల్ల రాసిందేమో అనుకున్నాను. తండ్రి లేడని చదువుకుని, ఆ సంగతి ఒక్కతే మోసుకుని, నాలుగు రోజులు నాతో అన్నం తిని, నాకోసం అట్లా రాసిందేమో అనుకున్నాను. అయినా లేచాను. వాకిలి దగ్గరగా వేసి, ఎండలో బావికి నడిచాను. దాచిన రోజు తర్వాత పట్టపగలు అటు పోవడం అదే మొదటిసారి.

రాయి జరిపాను. ఉత్తరం ఉంది. అంచు కత్తిరించి ఉంది. నల్లసిరా మరక మీద పసుపు మందంగా పూసి, కింద నలుపు కనపడకుండా చేసింది. చుట్టూ చిన్న చిన్న వేలిముద్రలు.

"రామసుబ్బమ్మకు. నేను బాగుండాను. ఈ జాబు నా పక్కమంచం మీద ఉండే నెల్లూరాయన రాస్తాండాడు. ఆసుపత్రిలో ఉండాము. మంచుకు నా కుడిచేతి ఏళ్లు నాలుగు చెడిపోతే తీసేసినారు. ప్రాణానికేమీ లేదు. నువ్వు కట్టిచ్చిన పసుపు లారీతోపాటే పోయింది. ఈయన సిరాబుడ్డి మూలన ఒలికించినాడు. ఇంకో కాగితం దొరకల్యా. మూల చూసి భయపడొద్దు, లోపల చదువు. ఇంక నేను లారీ తోలలేను. మడక పట్టి దున్నేది కూడా అనుమానమే. ఇట్లాంటోన్ని ఇంటికి రమ్మంటావా, ఈడ్నే యాడన్నా కావలి పని చూసుకోమంటావా, నీ చేత్తో రెండు ముక్కలు రాయి. నీ రాత చూసి నడుచుకుంటా. పాపకు చెప్పు."

మూల చూసి భయపడొద్దని లోపల రాయించాడు.

బావి గట్టు మీద కూర్చుని మూడుసార్లు చదివాను. ముప్పై ఎనిమిది రోజులు. నేను ఈ రాళ్ల సందులో చెయ్యి పెట్టి తీసుకుంటూ ఉంటే, అక్కడ ఆయన నా రాత కోసం చూస్తూ ఉన్నాడు. ఆయన చచ్చిపోయాడని నేను ఇక్కడ, తనను నేను వద్దనుకున్నానేమో అని ఆయన అక్కడ.

ఇంటికి పోకుండా నేరుగా చౌడమ్మ గుడిసెకు పోయాను. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"చౌడమ్మా, జాబు నేనే తీసినా."

చేట ఆపలేదు. "తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదట్నించి. ఆ బాయి కాడ నా మేకలు మేసేది నీకు కనపళ్లేదేమో, నువ్వు నాకు కనపడినావు. నల్లమూల జాబని గోవిందప్ప నా చెవిలో ముందే ఏసినాడు."

"మరి నిన్ను దొంగంటాంటే ఎందుకూరుకున్నావు?"

"నేను నోరిప్పితే నీ బొట్టు నేను తుడిచినట్ల గాదా. దొంగంటే నాలుగు దినాలంటారు, ఊరుకుంటారు." చేటలోని రాయి ఒకటి తీసి పారేసింది. "నువ్వు మాత్రం ఒక మాట అనుంటే బాగుండు. నాకు కోపం ఉండాది. అది యాడికీ పోదు."

"పాపకు చెప్పింది నువ్వేనా?"

"నీళ్లు లేని బాయి కాడ మీ అమ్మకేం పనో చూడమంటి. మేక పెంటికలు చిదిమే డిటెక్టివుకు ఆ మాత్రం ఎవరన్నా చెప్పల్ల గదా." అప్పుడు తలెత్తి నా చేతిలోని కాగితం చూసింది. "ఉండాడా?"

"ఉండాడు. ఏళ్లు పోయినాయంట."

"ఏళ్లే గదా" అంది. లేచి లోపలికి పోయి, ఉప్పుకుండ మీది కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడన్నా చదువు. అల్లుడేం రాసినాడో నాకింతవరకు తెలీదు. మూలన పసుపు ఉండాది, మంచిదే అయ్యుంటాదిలే అని ఊరుకుంటి."

చదివాను. ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఉత్తరం మూడు నెలల నాటిది. ఇప్పటికే బోర్లా పడి ఉంటుంది ఆ పిల్ల. చౌడమ్మ కాగితం నా చేతిలోంచి తీసుకుని, "ఎవరి పోలికంట?" అంది. అది రాయలేదని చెప్పాను.

ఇంటికొచ్చి, ఆయన ఉత్తరాన్ని గడప దాటించి లోపలికి తెచ్చి, దీపం గూట్లో పెట్టాను. సాయంత్రం తిమ్మక్క వచ్చి గూటి వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"పాపా" అన్నాను.

"ఊఁ?"

నోటుబుక్కు తీసి ఇచ్చాను. తీసుకుని సంచిలో పెట్టుకుంది. "అన్నం పెట్టు మా" అంది.

నేను రాసిన ఉత్తరంలో రెండే మాటలున్నాయి, "ఇంటికి రా" అని. నాలుగు మూలలా పసుపు ఎంత పూశానంటే, గోవిందప్ప దాన్ని తీసుకుని వేళ్లు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆరోజు వీధి చివరి దాకా గంట కొట్టుకుంటూ పోయాడు.

ఫాల్గుణంలో ఆయన వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆ చేతిని తుండుగుడ్డ కింద దాచుకుని కూర్చునేవాడు. నాలుగైదు రోజులకు గుడ్డ తీసేశాడు. చౌడమ్మ వచ్చి ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "సద్ది తినేకి ఎడమచెయ్యి నేర్చుకో, అంతే" అని పోయింది. కొత్త పంటకు పనికి వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు.

ఒకరోజు ఉదయం ముగ్గురం పెరట్లో విత్తనానికి కాయలు వొలుస్తున్నాం. ఆయన ఎడమచేత్తో కాయ పట్టి, మోకాలికి ఆనించి నొక్కుతున్నాడు.

"ఆడ నేను టపా కోసం చూసి చూసి, ఇంక నువ్వు రాయవనే అనుకుంటి" అన్నాడు. మామూలుగానే అన్నాడు. "నా జాబు నెలకు పైగా యాడ చిక్కుకున్యాదో ఏమో."

నా చేతిలో కాయ అట్లే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"యుద్ధం గదా నాయనా" అంది తిమ్మక్క, తల ఎత్తకుండా. "టపా అంతా ఆలస్యమే."

"అదీ నిజమే" అన్నాడాయన. ఇంకో కాయ తీసుకున్నాడు.

నేను పిల్ల వైపు చూశాను. దాని ముఖంలో ఏమీ లేదు. నేను గడపలో చీపురు పట్టుకుని "లేదు పాపా, నేను పెరట్లో ఉంటి" అన్నరోజు నా ముఖం కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

ఆ తర్వాత తిమ్మక్క చాలా నోటుబుక్కులు రాసింది. సాయంత్రమంతా అరుగు మీద కూర్చుని రాసి, గూట్లోనే పెట్టేది, దాచేది కాదు. బడికి పోయాక నేను గూటి దగ్గరికి పోయి ఒక్కొక్కటే తీసి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, నాలుగు మూలలూ చూసేదాన్ని. ఒక్కదానికీ పసుపు లేదు. ఎట్లా ఉన్నవి అట్లా, తెరవకుండానే పెట్టేసేదాన్ని.